రిజర్వాయర్‌లో మా అమ్మ

ఎండాకాలం సెలవులు రాగానే మధిర నుంచి మా ఆయన తరపు చుట్టాలు దిగుతారు. బ్యాగులు కింద పెట్టకముందే వాళ్ళు అడిగే మాట ఒకటే. "వదినా, ఈసారి ఎక్కడికి తీసుకెళ్తావు?" ఎక్కడికి అంటే గుడికనో బజారుకనో కాదు, నీళ్ళ దగ్గరికని. వాళ్ళది వరిచేల ఊరు. కాలవల్లో పారే నీళ్ళు వాళ్ళ కంటికి ఆనవు. కొండల మధ్య నిండుగా నిలబడి ఉండాలి, వెనక అడవి ఉండాలి, ముందు వీళ్ళు నిలబడి ఫోటో దిగాలి. నేనేమో కొత్తగూడెంలో పరుపుల దుకాణం మూసిపెట్టి వీళ్ళకు దారి చూపించాలి.

తీసుకెళ్తాను. ఎందుకు తీసుకెళ్ళను? ఒకరోజు ఊరవతల పెద్ద చెరువు, ఒకరోజు భద్రాచలం రేవులో గోదావరి. మూడోరోజు అభయారణ్యంలో ఉన్న రిజర్వాయర్‌కు పోదామంటారు. అక్కడ బోటు ఉంది, జింకలున్నాయి, మిరపకాయ బజ్జీలున్నాయి. ఆ మూడోరోజు మాత్రం నాకు తలనొప్పి వస్తుంది. "మీరు పోయి రండి, నాకు ఒంట్లో బాగాలేదు" అని దుప్పటి కప్పుకుంటాను. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చి ఫోన్లలో ఫోటోలు చూపిస్తారు. "ఎంత బాగుందో వదినా, నువ్వు రావాల్సింది" అంటారు. నేను పళ్ళు బిగబట్టి చూస్తాను. ఆ ఫోటోల్లో వాళ్ళ వెనక మెరుస్తున్న నీళ్ళ కింద మా అమ్మ ఉంది.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. ఎందుకుందో చెప్తాను వినండి.

మేం దూదేకులవాళ్ళం. మా నాన్న బూరుగు దూది కోసం ఏటా అడవిలోకి పోయేవాడు. చెట్ల మీద కాయలు పగిలే రోజుల్లో గూడెం వాళ్ళు ఏరి తెచ్చిన దూది కొని, గింజ తీసి, దిండ్లలో నింపి బూర్గంపాడు సంతలో అమ్మేవాడు. పోనూ రానూ కష్టమని చివరికి ఆ కొండల నడుమ గూడెంలోనే కాపురం పెట్టాడు. నేను అక్కడే పుట్టాను. నాకు రెండేళ్ళప్పుడు మా అమ్మకు చలిజ్వరం వచ్చింది. మూడు రోజులు వణికి, నాలుగోరోజు పోయింది. దవాఖానా అప్పట్లో ఒక పగలంతా నడిచేంత దూరం. వాగొడ్డున మట్టి ఎత్తుగా ఉన్నచోట ఆమెను పెట్టారు. మా అక్కకు అప్పుడు పదకొండేళ్ళు. ఆ రోజు నుంచి నాకు తల్లి, అక్క రెండూ తనే.

తర్వాత ప్రాజెక్టు వచ్చింది. వాగుకు అడ్డంగా కట్ట వేశారు. గూడెం వాళ్ళు ఇళ్ళు విప్పుకుని కొండ మీదికి ఎక్కారు. మేం కొత్తగూడెం వచ్చేశాం. మునిగిపోయిన ఊళ్ళ జాబితాలో మేం లేము, ఎందుకంటే మాకు అక్కడ సెంటు భూమి లేదు. ఒక మనిషి మాత్రం ఉంది. భూమి పోయినవాళ్ళను రాసుకోవడానికి కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ళు మనిషి పోయినవాళ్ళను అడగలేదు.

అయితే ఆ నీళ్ళకు కాస్త దయ ఉంది. మనుషులకున్న దానికంటే ఎక్కువే ఉంది. ఏటా రోహిణి ఎండలకు రిజర్వాయర్ బాగా తగ్గిపోతుంది. అప్పుడు మధ్యలో నేల బయటపడి చిన్న దీవిలా అవుతుంది. ఆ దీవి మీద మా అమ్మ గోరీ. నాన్న ఊరొదిలే ముందు దాని చుట్టూ గుండ్రాళ్ళు పేర్చి పోయాడు కాబట్టి నిలిచింది. మళ్ళీ వానలు గట్టిగా పడేదాకా, అంటే మూడు వారాలు, అదృష్టం బాగుంటే నాలుగు, మా అమ్మ పైన ఉంటుంది. మిగతా ఏడాదంతా కింద.

గూడెంలో ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్న, మా నాన్న దోస్తులు. మేం ఆయన్ని అన్న అంటాం. నీళ్ళు తగ్గగానే అన్న ఫోన్ చేసేవాడు. "చెల్లె, అమ్మ బయటికొచ్చింది. జల్దీ రాండ్రి." అంతే, అక్కా నేనూ బయలుదేరేవాళ్ళం. తాటి మొద్దు తొలిచి చేసిన అన్న దోనెలో నీళ్ళు దాటేవాళ్ళం. ఆడవాళ్ళు గోరీల దగ్గరికి పోకూడదని మా వీధిలో పెద్దమనుషులు గొణిగేవాళ్ళు. అక్క వినేది కాదు. "మా అమ్మను ఎవడు చూసుకుంటడు మరి, వీళ్ళు ఈత కొట్టుకుంట పోతరా?" అనేది. సున్నంలో కాస్త నీలిమందు కలిపి రాళ్ళకు పూసేవాళ్ళం. ఊదొత్తులు వెలిగించి, అక్క ఫాతెహా చదివి, చక్కెర పంచేది. చివర్లో గోరీ మట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరికే కూర్చునేది. పసిపిల్లకు జ్వరం ఉందేమోనని చూస్తున్నట్టు ఉండేది ఆ చెయ్యి. అది నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. నాకు అమ్మ ముఖం కూడా గుర్తులేదు. నేను అక్క కోసం పోయేదాన్ని.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఏటా నీళ్ళు ఎక్కి దిగుతుంటే గోరీ మట్టి కొట్టుకుపోతోంది. ఏడాదికి అరచెయ్యి మందం పోతోందని నాకనిపించింది. ఇట్లా వదిలేస్తే ఒక ఏడు మేం వచ్చేసరికి రాళ్ళు తప్ప ఏమీ ఉండదు. రెండేళ్ళ కింద నేను పట్టుబట్టాను. సిమెంటుతో గట్టిగా కట్టిద్దామన్నాను. అక్క వద్దంది.

"మన గోరీలు కచ్చాగనే ఉండాలెనే. మట్టి మట్టిల కలిసిపోవాలె. నాన్న గట్లనే చెప్పేటోడు."

"నాన్న చెప్పినప్పుడు ఈ డ్యామ్ లేదు. ఊకో అక్కా, నీకేం తెల్వదు."

నన్ను పెంచి పెద్ద చేసిన మనిషిని పట్టుకుని నీకేం తెలవదన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. ఆమె ఊరుకుంటే నేను గెలిచాననుకుంటాను. చిన్నప్పటి నుంచీ ఇదే రోగం నాకు. మా వీధి మేస్త్రీని మాట్లాడాను. సిమెంటు, ఇసుక, ఇటుకలు దోనెలో రెండు రోజులు మోయించాను. అన్న పాపం ఒక్క మాట అనకుండా అన్ని తిప్పలూ పడ్డాడు. నడుం ఎత్తున, మనిషి పొడుగున, నున్నగా అరుగు కట్టించి పైన తెల్ల టైల్స్ వేయించాను. అద్దంలా మెరిసింది. పని అయ్యాక మేస్త్రీ ఉలి పట్టుకుని అడిగాడు.

"తలకాడ బండ పెడుతున్న గద, పేరేం చెక్కమంటవమ్మా?"

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కరు. పెళ్ళి పత్రికల్లో కూడా ఒకప్పుడు ఫలానా వారి కుమార్తె అని వేసేవాళ్ళే తప్ప అమ్మాయి పేరు వేసేవాళ్ళు కాదు. ఇంటి ఆడదాని పేరు దారినపోయేవాళ్ళ నోట్లో నానకూడదట. ఇన్ని మాటలు మాట్లాడే నేను, పెద్దమనుషులను లెక్కచెయ్యని నేను, ఆ పూట మాత్రం మసీదు నడిపే ముసలి ముత్తవల్లిలా ముఖం పెట్టి చెప్పాను. "పేరెందుకు? వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు సదువుకోనికా? ఏం వద్దు. బండ గుడ వద్దు." మేస్త్రీ ఉలి సంచిలో వేసుకున్నాడు.

పోయిన ఏడు వానలు ఎక్కువై నీళ్ళు దిగలేదు. మేం పోలేదు. ఈ ఏడు అక్క కళ్ళ సంగతి బయటపడింది.

అక్కకు చాలా ఏళ్ళుగా షుగరు. ఖమ్మం కంటి దవాఖానాలో డాక్టరమ్మ లైటు వేసి, మందు చుక్కలు వేసి, మళ్ళీ చూసి నన్ను పక్కకు పిలిచింది. ఎడమ కన్ను పోయిందట. కుడి కంట్లో మిగిలింది కూడా త్వరగా తగ్గుతోందట. వానాకాలం దాకా నిలిస్తే గొప్పే అంది. నేను బయటికొచ్చి ముఖం మామూలుగా పెట్టుకున్నాను. ఆటోలో కూర్చున్నాక అక్కే అంది.

"డాక్టరమ్మ నీకు సెప్పింది నాకు తెల్సులే. ఏడ్వకు. ఈ ఏడు అమ్మను ఒక్కసారి సూసి రావాలె. వచ్చే ఏడు నీళ్ళు దిగినా నా కండ్లుండవు."

అక్కకు ఏ కోరికా ఉండదు. చీర కొనిపెడతానంటే ఉన్నవి చాలంటుంది. ఈ ఒక్కటే అడిగింది. ఇక నేను అన్న ఫోన్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. రోహిణి వచ్చింది. రోడ్లు పెనాల్లా కాలుతున్నాయి. ఫోన్ రాలేదు. చివరికి నేనే చేశాను.

"నీళ్ళు దిగలేదా అన్నా?"

"దిగినయ్ చెల్లె."

"మరి చెప్పలేదేంది?"

"దోనె గుంజుకపోయిండ్రు. సొంత దోనెలు తిరగొద్దంట. టూరిస్టు బోట్లే తిరగాలంట. టికెట్ కొనుక్కొని రాండ్రి. నేను ఆడనే ఉంట." ఫోన్ పెట్టేసే ముందు అన్నాడు. "వచ్చినంక కోపం తెచ్చుకోకు చెల్లె."

కోపం తెచ్చుకోకు అన్న మాట వినగానే నాకు సగం కోపం వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే కారు కిరాయికి తీసుకుని పోయాం. గేటు దగ్గర కొత్త ఆర్చి. దాని మీద పులి బొమ్మ. ఈ అడవిలో పులిని చూసినవాడిని నేను ఇంతవరకు చూడలేదు. గార్డు మా సంచి బోర్లించాడు. ఊదొత్తులు, అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టాడు. "అడవిల నిప్పు బంద్ అమ్మా." సున్నం పొట్లం పట్టుకుని వాసన చూశాడు.

"ఇదేంది?"

"సున్నం."

"సున్నం ఎందుకు?"

"నీ మొహానికి పూయనీకి" అనబోయాను. అక్క నా మోచెయ్యి నొక్కింది. "మా అమ్మకు నాయనా" అంది తను. వాడికేం అర్థమైందో, పొట్లం వాపసు ఇచ్చాడు. లోపలికి పోతే నిప్పు బంద్ అయిన ఆ అడవిలో నాలుగు గ్యాస్ పొయ్యిల మీద బజ్జీలు కాలుతున్నాయి. కడుపు మండిపోయింది నాకు.

టికెట్ల కిటికీలో మెడలో కార్డు వేసుకున్న యువకుడు కూర్చున్నాడు. దీవి మీదికి పోవాలన్నాను.

"రౌండ్ కొట్టిస్తం ఆంటీ. దిగనియ్యం. అది కోర్ ఏరియా, జంతువులకు డిస్టర్బ్ అయితది."

అదే సమయానికి రేవులో ఆగి ఉన్న బోటులోంచి డీజే పాట కొండలు అదిరేలా మోగుతోంది. దూరంగా దీవి మీద ఎర్రగా, తెల్లగా మనుషులు కదులుతున్నారు.

"వాళ్ళెవరు? జంతువులా?"

అతను తలెత్తి చూశాడు. "అది ఫోటోషూట్ ప్యాకేజీ ఆంటీ. పెండ్లికి ముందు ఫోటోలు దిగుతరు గద. వాళ్ళకు దిగే పర్మిషన్ ఉంటది."

"వాళ్ళు దిగితే జంతువులు సంతోషపడతయా?"

"రూల్ ఆంటీ. నేను పెట్టింది కాదు."

"సరే. మాకు గుడ అదే ప్యాకేజీ ఇయ్యి."

అతను నా ముఖం, అక్క ముఖం మార్చి మార్చి చూశాడు. "కపుల్ ఎవరు?"

"కండ్లు కనబడతలేవా? మేమిద్దరం."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "పెండ్లికొడుకువు నువ్వా నేనా?" అంది నా చెవిలో. ఆ నవ్వు విని నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తం మీద మేం నవ్వింది అదొక్కసారే. కిటికీ అతను టికెట్ కొట్టి ఇచ్చాడు. అరగంట టైం అన్నాడు.

రేవులో అన్న ఉన్నాడు. గుర్తుపట్టడానికి నాకు కాస్త టైం పట్టింది. పచ్చ టీషర్టు, టోపీ, చేతిలో నారింజ రంగు లైఫ్ జాకెట్లు. దోనె గుంజుకుని ఉద్యోగం ఇచ్చారట. బోటెక్కేవాళ్ళకు జాకెట్లు తొడగడం పని. చిన్నప్పటి నుంచీ ఈ నీళ్ళ మీద తిరిగిన మనిషికి ఈత రానివాళ్ళకు బొందులు కట్టే కొలువు! ఆయన వంగి అక్కకు జాకెట్ తొడిగాడు. నా వైపు చూడలేదు.

"ఏం దాస్తున్నవ్ అన్నా?"

"పోయి సూద్దు రాండ్రి" అన్నాడు నేల చూసుకుంటూ. బోటులో మాతో పాటు తనూ ఎక్కాడు.

బోటు దీవి దగ్గరికి పోయేకొద్దీ నాకు కనిపించింది. ముందు ఇనప చువ్వలతో చేసిన పెద్ద లవ్ గుర్తు కనిపించింది, గుండె ఆకారంలో, ఎర్ర రంగు వేసి. దాని నడుమ నిలబడితే వెనక కొండలు, నీళ్ళు ఫోటోలో పడతాయి. ఆ లవ్ గుర్తును నిలబెట్టడానికి వాళ్ళకు నేల మీద గట్టి చోటు కావాలి. బురదలో అది నిలవదు. దీవి మొత్తం మీద గట్టి చోటు ఒకటే ఉంది. నేను కట్టించింది. తెల్లటి టైల్స్ పగలగొట్టి, నాలుగు మూలలా బోల్టులు దించారు. కింద నీలం పెయింటుతో సెల్ఫీ పాయింట్ అని రాశారు. దాని మీద పట్టు గాగ్రా వేసుకున్న ఒక అమ్మాయి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది. అబ్బాయి పక్కన మోకాలి మీద కూర్చుని పువ్వు ఇస్తున్నాడు. ఒకడు గొడుగు, ఒకడు కెమెరా.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. బోటు పూర్తిగా ఆగకముందే బురదలోకి దూకాను. మోకాళ్ళ దాకా దిగబడ్డాను. అట్లాగే అరుచుకుంటూ పోయాను.

"లెవ్వు! లేవే అక్కడి నుంచి! మా అమ్మ మీద కూసుంటవానే? దిగు!"

కెమెరా అతను "ఆంటీ, ఆంటీ, ఫ్రేంలోకి వస్తున్నరు" అన్నాడు. పక్కవాడి చేతిలో గొడుగు లాగి నీళ్ళలోకి విసిరాను. దానికి నేనిప్పటికీ సిగ్గుపడటం లేదు. అమ్మాయి మాత్రం ఒక్క క్షణంలో కిందికి దూకింది. "ఇది సమాధా? నిజంగనా?" అంది. ముఖం తెల్లబోయింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అరుగు వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ఏడుపు ముఖంతో "మాకు తెల్వదు ఆంటీ, సమాధని ఏడా రాసి లేదు" అంది. ఆ పిల్లను ఇంకో మాట అనడానికి నోరు రాలేదు. తిట్టడానికి వచ్చినప్పుడు ఎదుటివాళ్ళు మంచివాళ్ళయితే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అన్న మీద తిరగబడ్డాను. "నువ్వుండి గుడ ఈ పని చేయనిచ్చినవా?"

"సెప్పిన చెల్లె. ఇనుము దించే రోజు అడ్డం పన్న. ఇది గోరీ, దూదేకులాయన భార్యదని సెప్పిన. పేరేది, రాసి ఏడుంది, గోరీ అయితే ఇట్ల బాత్రూం టైల్స్ ఏస్తరా అన్నరు." ఆయన అరుగు వైపు చెయ్యి చూపించాడు. "మట్టిగున్నప్పుడు సూసినోడల్లా గోరీ అనే అన్నడు చెల్లె. మొన్నటిదాక ఎవ్వడు కాలు పెట్టలే."

ఎవరి మీద అరవాలి ఇప్పుడు? నేనే కదా గోరీని అరుగు చేసింది. పేరొద్దు, బండొద్దు అన్నది ఈ నోరే కదా. ఆ లవ్ గుర్తును రెండు చేతులా పట్టుకుని పీకబోయాను. నేను ఏరికోరి తెప్పించిన సిమెంటు, కదిలితేనా! అరచేతులు కోసుకున్నాయి గానీ అది ఇంచు కూడా జరగలేదు.

ఈ గోలంతా అయ్యేలోపు అన్న అక్కను చెయ్యిపట్టి దింపి తీసుకొచ్చాడు. అక్క కళ్ళు చిట్లించి చూస్తోంది.

"ఎర్రగ ఏందే అది, అంత ఎత్తుల?"

ఏం చెప్పను? "ఏదో ఇనుము అక్కా. ప్రభుత్వమోళ్ళు పెట్టిండ్రు" అన్నాను. అక్క దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. టైల్స్ మీద అరచెయ్యి ఆనించింది. ఎండకు టైల్స్ కాలిపోతున్నాయి. చెయ్యి వెంటనే తీసేసింది. మళ్ళీ ఇంకోచోట పెట్టింది. అక్కడా కాలింది. అరుగు చుట్టూ తిరిగి, వంగి, అంచుల కింద వేళ్ళు పెట్టి ఎక్కడైనా మట్టి తగులుతుందేమోనని వెతికింది. నేను ఎక్కడా సందు వదల్లేదు. మేస్త్రీకి పక్కన నిలబడి మరీ చెప్పాను, నీళ్ళు పోయే సందు కూడా ఉండొద్దని.

"దీంట్ల అమ్మ ఏదే?" అంది అక్క.

నన్ను తిట్టినట్టు కూడా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. నేను ఆ బురదలో నిలబడి ఏడ్చాను. చిన్నప్పుడు నేను ఏడిస్తే అక్క ఎత్తుకునేది. ఇప్పుడు ఆమెకు నేను ఎటువైపున్నానో కూడా సరిగ్గా తెలియలేదు.

అక్క అరుగు పక్కన నేల మీదే కూర్చుంది. చీర కొంగు నెత్తి మీదికి లాక్కుని ఫాతెహా చదివింది. సున్నం పొట్లం సంచిలోనే ఉండిపోయింది. ఎక్కడ పూయాలి? ఎర్ర ఇనుముకా? ఫాతెహా పూర్తి కాకముందే బోటు నుంచి విజిల్ వేశారు. అరగంట అయిపోయిందట. అన్న మొదటిసారి గొంతు పెంచి "ఆగురా!" అని అరిచాడు. టోపీ తీసి నేలకు కొట్టాడు. బోటు ఆగింది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆమె కుడి కంటిలో మిగిలిన చూపుకు ఆ ఎర్ర గుర్తే కనబడి ఉంటుంది. మా అమ్మ అని చివరిసారి ఆమె చూసింది అదే. దీన్ని నేను మర్చిపోను. ఆ ఇనుము పెట్టినవాళ్ళనూ క్షమించను. నన్నూ క్షమించుకోను.

ఒడ్డుకు రాగానే నేరుగా కిటికీ దగ్గరికి పోయాను. పైవాళ్ళను పిలవమన్నాను. పిలిచేదాకా కదలనన్నాను. వెనక లైనులో ఉన్నవాళ్ళు సణిగారు. సణగనీ. కాసేపటికి యూనిఫాంలో ఒకాయన వచ్చాడు. వయసులో నాకంటే చాలా చిన్న. నేను అరిచిందంతా అడ్డు రాకుండా విన్నాడు. చివరికి చెప్పాడు.

"తప్పే జరిగిందమ్మా. మాకు కాగితం మీద ఆధారం కావాలె. అర్జీ ఇయ్యండి. నేనే సంతకం పెట్టి పంపుత. ఇనుము తీపిస్త, అక్కడ ఎవరి సమాధో రాసి బోర్డు గుడ పెట్టిస్త."

ఫారం ఇచ్చాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. కొట్లాటకు చీర కొంగు దోపుకుని వచ్చినదాన్ని, ఒక్కసారిగా చేతులు ఖాళీ అయినట్టైంది. పెన్ను తీసుకుని చకచకా రాశాను. నా పేరు, నాన్న పేరు, దుకాణం అడ్రసు. చనిపోయిన వ్యక్తితో సంబంధం అన్నచోట కూతురు అని రాశాను. దాని కింది గడిలో చనిపోయిన వ్యక్తి పేరు అని ఉంది.

పెన్ను ఆగిపోయింది.

బళ్ళో వేసినప్పుడు తండ్రి పేరే అడిగారు. నిఖా కాగితంలో తండ్రి పేరే రాశారు. ఆధార్‌లో భర్త పేరు వేశారు. నాన్న బతికున్నన్నాళ్ళూ మీ అమ్మ అనేవాడు, భార్య పేరు నోటితో పలకడం ఆయన ఎరగడు. అక్కకూ నాకూ మధ్య ఆమె ఎప్పుడూ అమ్మే. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. యూనిఫాం ఆయన ఎదురుచూస్తున్నాడు. లైనులో వాళ్ళు చూస్తున్నారు.

"ఏందే ఆగినవ్? రాయి" అంది అక్క.

"అక్కా, అమ్మ పేరేంది?"

అక్క నా గొంతు వచ్చిన వైపుకు ముఖం తిప్పింది. చుట్టూ మగవాళ్ళ మాటలు వినబడుతున్నాయి కదా, అంతమందిలో పైకి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తడుముకుంటూ నా తలను పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. నాకు యాభై నాలుగేళ్ళు. మా అమ్మ పేరు నేను మొదటిసారి విన్నది బోటు టికెట్లు అమ్మే ఆ కిటికీ ముందు.